నున్నటి వీపు

మా మరిదిని, అంటే మా చెల్లి మొగుణ్ణి, అందరూ పుల్ల అంటారు. గుమ్మంలోంచి నేరుగా పట్టక, భుజం పక్కకి తిప్పి లోపలికొచ్చే మనిషికి ఆ పేరేమిటని అడగనివాళ్ళు లేరు. మీసాలు రాని వయసులో ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడట. అప్పుడు నిజంగానే చీపురుపుల్లలా ఉండేవాడు. దిమ్మని ఇతను ఎత్తడం కాదు, దిమ్మే ఇతన్ని ఎత్తుతోందని అక్కడి కూలీలు ఎగతాళి చేసేవారు. ఒకరోజు వాళ్ళలో ఒకడు దిమ్మలు లాగే ఇనప కొక్కేన్ని ఇతని చొక్కా కాలరుకి తగిలించి, గోడ మేకుకి వేలాడదీశాడు. అందరూ కిందే కూర్చుని, తలెత్తి చూసి నవ్వుకుంటూ అన్నాలు తిన్నారు. దించిన మరుక్షణం పుల్ల అదే కొక్కెం అందుకుని, వేలాడదీసినవాడి చెంప చెవి దాకా చీల్చాడు. పని పోయింది. ఆ సాయంత్రమే వెళ్ళి జిమ్ములో చేరాడు.

ఈ సంగతి అతనే చెప్పాడు, పెళ్ళిచూపులకి మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, మా అమ్మ ముందు కూర్చుని, మెడల్ చూపించినట్టు. మగాడంటే అలా ఉండాలని మా అమ్మ మురిసిపోయింది. మా చెల్లి వంటింటి తలుపు చాటున నిలబడి నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ మాటే అమ్మతో అంటే, నీ నోట్లోంచి ఎప్పుడైనా మంచి మాట వచ్చిందా అని నా మీదే విరుచుకుపడింది.

పెళ్ళి నాటికి అతను ఒక పెద్ద హోటల్లో, డాన్సు హాలు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. తాగి గొడవ చేసేవాళ్ళని మర్యాదగా బయటికి సాగనంపడం ఆ పని. మర్యాద అన్నది యజమాని నోట్లోని మాట. గేటు దగ్గర జరిగేది వేరు. మనిషి మెడ వెనక ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో బెల్టు పట్టుకుని, కాళ్ళు నేలకి ఆనకుండా మెట్ల దాకా మోసుకెళ్ళి అక్కడ వదిలేవాడు. ఎవరి పన్ను విరిగింది, ఎవరి మోచిప్ప పక్కకి జరిగింది, ఎవరు మెట్ల మీద రక్తం కక్కుకుంటూ నీ అంతు చూస్తానని అరిచారు, ఇవన్నీ మా ఇంట్లో టీ తాగుతూ చెప్పేవాడు. మా ఆయన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నోరెళ్ళబెట్టి వినేవాడు. అబద్ధం ఎందుకు, అప్పుడప్పుడూ నేనూ నవ్వేదాన్ని.

నేను చర్మం డాక్టరమ్మ దగ్గర టోకెన్లు ఇచ్చే మనిషిని. క్లినిక్ ముందు గదిలో, అద్దం తలుపు పక్కన నా బల్ల. మొటిమలంటే కుర్రకారు వ్యవహారమని లోకం అనుకుంటుంది. నా బల్ల దగ్గర ఒక పూట కూర్చోండి, ఆ భ్రమ వదులుతుంది. బ్యాంకులో పెద్ద కుర్చీలో కూర్చునే ఆయన, కోర్టులో గొంతు చించుకునే లాయరు, మనవణ్ణి చంకనేసుకొచ్చిన ఆవిడ, అందరూ నా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి ఒకే ప్రశ్న వేస్తారు. "ఈ వయసులో ఇవేంటమ్మా?"

డాక్టరమ్మ విసుక్కోకుండా అందరికీ అదే చెప్తుంది. చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయి. ఒంట్లో హార్మోన్లు వాటిని తరిమితే నూనె ఎక్కువ ఊరుతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల క్రిములు చేరి వాస్తుంది. పదిహేనేళ్ళప్పుడు ఆ తరమడం మామూలే. ముప్ఫై దాటాక కొత్తగా విరుచుకుపడితే మాత్రం, వెనక నుంచి ఏది తరుముతోందో వెతకాలి. నెలసరిలో తేడానా, మందుల షాపువాడు అంటగట్టిన తెల్లబడే క్రీమా, ఇంకేదైనా మందు వాడుతున్నారా అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. గిల్లొద్దు, రుద్దొద్దు, మందు పని చెయ్యడానికి నెలలు పడుతుంది అంటుంది. నెలలనగానే సగం మంది మొహాలు మాడ్చుకుని బయటికొచ్చి, ఆ చిరాకు నా మీద చూపిస్తారు. నాకూ ముక్కు మీదే కోపం. ఒకటంటే రెండంటాను.

మా మరిదికి మొదట మొటిమలు లేచింది మొహం మీద కాదు, వీపు మీద. కుర్రతనంలో ఒక్కటీ రానివాడికి ముప్ఫైల్లో భుజాల నుంచి నడుము దాకా గోలీలంత గడ్డలు తేలాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయేది. రక్తం, చీము మరకలు ఎంత రుద్దినా వదలక మా చెల్లికి తల ప్రాణం తోకకొచ్చేది. విటమిన్ ఇంజెక్షన్లు చేయించుకుంటున్నాడక్కా, వేడి చేసినట్టుంది అని నాతో అంది. నేనూ సరే అనుకున్నాను.

అసలు సంగతి జిమ్ములో ఉంది. అక్కడి కోచ్ చాటుగా సీసాలు అమ్మేవాడు, కండలు పెంచే మగ హార్మోను ఇంజెక్షన్లు. బజారులో దొరికే వాటిలో సగం నకిలీవి, వట్టి నూనె. ఏది అసలుదో తేల్చుకోవడానికి ఆ మొనగాళ్ళ దగ్గర ఉన్న పరీక్ష ఒక్కటే, వీపు. మొటిమలు లేస్తే మందు అసలుది. లేవకపోతే మోసం. కసరత్తు అయ్యాక అద్దం ముందు వరసగా చొక్కాలు విప్పి, ఒకరి వీపు ఒకరు చూసుకునేవారట. ఎవడి వీపు ఎక్కువ పుండైతే వాడు ఆ వారం మొనగాడు. ముదిరినవాటిని కాల్చిన దబ్బనంతో ఒకరికొకరు పొడుచుకునేవారు. అరిచినవాడు అందరికీ టీలు తాగించాలి. పుల్ల ఒక్కసారి కూడా అరవలేదు. రక్తం నడుము దాకా కారుతుంటే అద్దంలో చూసుకుని నవ్వేవాడు. ఇదంతా తర్వాత ఆ కోచే నాకు చెప్పాడు, కుడి చేతికి కట్టుతో. ఆ కట్టు ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఈ పరీక్ష సంగతి తెలియకుండానే మా చెల్లి కూడా వీపు చదవడం నేర్చుకుంది. వీపు మీద కొత్తగా ఎర్రబడిందంటే ఇంట్లో గిన్నెలు గాల్లోకి లేస్తాయి. మొదట్లో తలుపులు బాదేవాడు. తర్వాత గోడని గుద్దితే సున్నం పెచ్చులు రాలేవి. ఆ తర్వాత గోడ స్థానంలోకి మా చెల్లి భుజం వచ్చింది. రాత్రంతా గేటు దగ్గర నిలబడి వస్తాడు కాబట్టి పగలు పడుకుంటాడు. వీపు ఎర్రగా ఉన్న రోజుల్లో చెల్లి అతను నిద్రపోతుండగా కుక్కర్ పెట్టేది కాదు, విజిల్‌కి లేస్తాడని. గుమ్మం బెల్లుకి గుడ్డ చుట్టేది. చిన్నపిల్లల గౌన్లు కుట్టి షాపులకి ఇచ్చేది, ఆ కుట్టుమిషను కూడా తొక్కేది కాదు. తన పాపని తెచ్చి మా ఇంట్లో దింపేది. ఆరేళ్ళ పిల్ల, వచ్చీ రాగానే నా చెయ్యి పట్టుకుని "పెద్దమ్మా, ఇవాళ నాన్న వీపు ఎర్రగుంది" అనేది, బయట వాన పడుతోందని చెప్పినట్టు.

"వచ్చెయ్యవే. నా ఇంట్లో నీకూ పాపకీ చోటు లేకపోలేదు" అన్నాను చెల్లితో, ఒకసారి కాదు.

"వీపు తగ్గితే బానే ఉంటాడక్కా. పాపని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పుతాడు, నువ్వే చూశావుగా."

చూశాను. అదే నన్ను తినేసేది. ఆ చేతులు పాపని పైకెత్తినప్పుడల్లా, అవే చేతులు ఏదో ఒక రోజు నా చెల్లిని చంపేస్తాయేమోనని నాకు భయంగా ఉండేది. నా భయమంతా అదొక్కటే.

ఆ తర్వాత మొటిమలు మెడ మీదుగా మొహానికి పాకాయి. ఒక ఉదయం పుల్ల క్లినిక్‌కి వచ్చాడు. రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని, జనం పోయేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"వదినా, కాస్త లోపలికి పంపించండి. మా ఓనరు మొహం మీదే అనేశాడు. నిన్ను చూసి లోపలికొచ్చే ఆడవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు, బాగు చేసుకో, లేదంటే వెనక గేటుకి పో అన్నాడు."

వెనక గేటంటే చెత్త బళ్ళు వచ్చిపోయే దారి. ముందు గేటు దగ్గర కోటు వేసుకుని నిలబడేవాడికి అది చావుతో సమానం. ఆ మాట చెప్తుంటే గడ్డం కింద ఒక గడ్డని వేలితో నులుముతున్నాడు. అది చిట్లి చీము నా టోకెన్ల మీద పడింది. అతను చూసుకోలేదు. నేను స్పిరిట్ పోసి తుడిచి, లోపలికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చొక్కా తియ్యమంది. తీశాడు. ఆవిడ దబ్బనం గాట్లు, గుంటలు పడ్డ మచ్చలు, వాటి మధ్య కొత్తగా ఉబ్బినవి అన్నీ చూసి కుర్చీ ముందుకి లాక్కుంది.

"కండలకి ఇంజెక్షన్లు తీసుకుంటున్నారా?"

"లేదండీ. గుడ్లు, ప్రోటీన్ పొడి, అంతే."

"మిమ్మల్ని ఎవరికో పట్టివ్వడానికి అడగట్లేదు బాబూ. తీసుకుంటుంటే వీటన్నిటికీ కారణం అదే. అది మానకుండా నేనిచ్చింది మింగితే లివర్ మీద రెండు వైపులా దెబ్బ. మనిషి ఊరికే ఊగిపోతాడు కూడా, కోపం పట్టలేడు."

"లేదన్నాను కదండీ."

నేను ఊరుకోలేదు. "విటమిన్ ఇంజెక్షన్లని చెల్లి చెప్పిందే?" అన్నాను. అతను నా వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే వెనక్కి తగ్గేవారు.

"అవి నీరసానికి వదినా. ఎప్పుడో మానేశాను. కావాలంటే సీసా తెచ్చి చూపిస్తా."

తెచ్చాడు కూడా. మందుల షాపులో దొరికే మామూలు బి విటమిన్ సీసా, సీలు తియ్యనిది. రక్తపరీక్షలో పెద్ద తేడా ఏమీ కనబడలేదు. మచ్చలు మిగిల్చే గడ్డలకి పూతలు చాలవు కాబట్టి డాక్టరమ్మ గుళికలు రాసింది. మొదట్లో ఇంకాస్త పెరిగినట్టు ఉంటుంది, పెదాలు పగులుతాయి, ముక్కు ఎండి రక్తం వస్తుంది, తాగుడు ముట్టుకోకూడదు, నెలనెలా రక్తం చూపించుకోవాలి అని రెండేసి సార్లు చెప్పింది. పుల్ల తల ఊపాడు. ఆ సాయంత్రమే నేను చెల్లి దగ్గరికెళ్ళి, ఆ విటమిన్లు విటమిన్లు కాకపోవచ్చు, ఆ మొటిమలకీ ఆ వీరంగానికీ మూలం అవేనేమోనని డాక్టరమ్మ అనుమానం అని చెప్పాను. చెల్లి పాప జుట్టు దువ్వుతూ కూర్చుంది.

తర్వాతి పరీక్షలో లివర్ అంకెలు పెరిగాయి. వెంటనే రమ్మని డాక్టరమ్మ నా చేత ఫోన్ చేయించింది. డ్యూటీ ఉంది వదినా, రేపొస్తా అన్నాడు. ఆ రేపు రానే లేదు. పాత చీటీ చూపించి ఏదో షాపులో గుళికలు కొనుక్కుని మింగుతూనే ఉన్నాడు. చెల్లికి చెప్తే, నేనంటే వినడక్కా అని నీళ్ళు నమిలింది.

కానీ గుళికలు తమ పని తాము చేశాయి. ముందు మొహం, తర్వాత మెడ, ఆఖరికి వీపు. గడ్డలు అణిగిపోయి, ఎర్రదనం పోయి, గుంటలు మాత్రం మిగిలి, పైన చర్మం నున్నబడింది. పెదాలు పగిలి నవ్వితే రక్తం చిమ్మేది, అయినా అద్దం ముందు నుంచి కదిలేవాడు కాదు. ఓనరు భుజం తట్టాడు. ముందు గేటు నిలబడింది.

చెల్లి మొహం కూడా తేటపడింది. మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని, "మానేశాడక్కా. నువ్వన్నట్టు ఆ ఇంజెక్షన్ల వల్లే లేచేవి కదా, ఇప్పుడొక్కటీ లేదు. మానెయ్యకపోతే ఎలా తగ్గుతాయి?" అంది. బెల్లుకి చుట్టిన గుడ్డ విప్పేసింది. పగలు మిషను తొక్కడం మొదలెట్టింది. పాపని మా ఇంట్లో దింపడం మానేసింది. నాకూ మనసు తేలికపడింది. రక్తపరీక్షకి రాని మనిషి విషయం ఒక పక్కన గుచ్చుతూనే ఉంది గానీ, ఆ వీపు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

అతను మానలేదు. సీసా ఒంటికి, గుళిక మొహానికి అని అతని లెక్క. మొహం కోసం మింగినది వీపుకీ వెళ్తుందని ఆ బుర్రకి తట్టలేదు. జిమ్ములో అద్దం ముందు చొక్కా విప్పితే అందరూ ఘొల్లుమన్నారట. "పుల్లా, కోచ్ నీకు వంటనూనె ఎక్కించాడురోయ్!" అన్నాడొకడు. చంటిపిల్లాడి వీపు అని ఇంకొకడు చెయ్యి వేసి నిమిరాడు. ఐసు ఫ్యాక్టరీ మేకుకి వేలాడినవాడు ఆ నవ్వుని ఎలా భరిస్తాడు? నిమిరినవాణ్ణి అద్దంలోకి విసిరాడు. అద్దం పగిలింది. తర్వాత కోచ్ దగ్గరికి నడిచి, అతని కుడి చెయ్యి పట్టుకుని బరువులు పెట్టే ఇనప స్టాండు మీద పరిచాడు.

"నాకు నకిలీ అమ్మావా?"

"అసలుదేరా, నా తల్లి తోడు!"

పక్కనున్న ఇనప బిళ్ళ ఎత్తి ఆ వేళ్ళ మీద దించాడు. మళ్ళీ అడిగాడు. కోచ్ మళ్ళీ అదే చెప్పాడు. బిళ్ళ మళ్ళీ దిగింది. చుట్టూ అంత పెద్ద కండలవాళ్ళు ఉన్నారు కదా, ఒక్కడూ అడుగు ముందుకెయ్యలేదు. వేళ్ళు నుజ్జయ్యాక, ఆ నొప్పిలో, కోచ్ ప్రాణం కాపాడుకోవడానికి పుల్ల కోరిన మాటే అన్నాడు. అవును, అది కల్తీదే, ఈ కొత్త పెట్టె పట్టుకుపో, రెండింతలు ఎక్కించుకో, లేవకపోతే నన్నడుగు అన్నాడు. పుల్ల పెట్టె పట్టుకుపోయాడు. రెండింతలు ఎక్కించుకున్నాడు. వీపు నున్నగానే ఉంది. మూడింతలు ఎక్కించుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం అతను లోపలి గదిలో నిద్రపోతున్నాడు. బోర్లా పడుకున్నాడు, చొక్కా లేదు. చెల్లి గుమ్మంలోంచి తొంగి చూసి, ఆ వీపు చూసుకుని, వంటింట్లోకెళ్ళి కుక్కర్ పెట్టింది. పాప నేల మీద కూర్చుని గౌను గుడ్డ ముక్కలతో బొమ్మకి బట్టలు చేస్తోంది. మొదటి విజిల్ వచ్చింది. ఏం కాలేదు. రెండో విజిల్‌కి అతను వంటింటి గుమ్మంలో ఉన్నాడు.

వస్తూనే అరచెయ్యి చాపి చెవి మీద కొట్టాడు. ఆ దెబ్బకి చెల్లి తల సింకు అంచుకి తగిలింది. కింద పడితే జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. దవడ ఎముక చిట్లిన చప్పుడు పాపకి వినబడింది. పొయ్యి మీది కుక్కర్‌ని పిడి పట్టి లాగి గోడకేసి విసిరాడు. మూత ఊడి, మరుగుతున్న నీళ్ళు గోడ మీదా, గిన్నెల మీదా, చెల్లి కాళ్ళ మీదా పడ్డాయి. అప్పుడు పాప అరిచింది. ఆ అరుపుకి ఆగాడు. తన చెయ్యి వైపు చూసుకుని, చొక్కా కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే నేను పరుగెత్తాను. నేనెళ్ళేసరికి చెల్లి గోడకి ఆనుకుని కూర్చుని, పాప కళ్ళు తన చేతులతో మూసి ఉంచింది. చెవిలోంచి కారిన రక్తం మెడ మీద గడ్డకట్టింది.

దవడకి తీగలు కట్టారు. పాదాల మీద బొబ్బలకి పట్టీలు వేశారు. ఎడమ చెవి కర్ణభేరి చిరిగిందని, ఆ పక్క వినికిడి ఇక తిరిగి రాకపోవచ్చని చెప్పారు. ఆసుపత్రి వరండాలో పాప నా ఒళ్ళో కూర్చుని, ఎంతకీ నమ్మలేనట్టు, "నాన్న వీపు ఎర్రగా లేదు పెద్దమ్మా, నేను చూశాను" అంటూనే ఉంది. దాన్ని గుండెకి అదుముకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక పోలీసు స్టేషన్‌కెళ్ళి కేసు పెట్టాను.

మర్నాడు పొద్దున పుల్ల క్లినిక్‌కొచ్చాడు. బల్ల ముందు పదిమంది దాకా ఉన్నారు. తోసుకుంటూ వచ్చి, "నా పెళ్ళామేది? ఎక్కడ దాచారు?" అని అరిచాడు. పోలీసులకి ఫోన్ చెయ్యమని పక్కనున్న లాయరుకి సైగ చేసి, నేను లేచి నిలబడ్డాను.

"చెప్పను. ఏం చేస్తావ్? నన్నూ కొడతావా? కొట్టు, ఇంతమంది చూస్తున్నారు."

కొట్టలేదు. పక్కనున్న అద్దం తలుపుని పిడికిలితో గుద్దాడు. అద్దం కుప్పకూలింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చీరుకుపోయి, రక్తం నా బల్ల మీదా టోకెన్ల మీదా కారింది. జనం గోడలకి అతుక్కుపోయారు. అతనికి ఆ చెయ్యి గుర్తే ఉన్నట్టు లేదు.

"నా తప్పు కాదు వదినా! ఆ కోచ్ గాడు నకిలీది అమ్మాడు. దాంతో రెండింతలు, మూడింతలు ఎక్కించుకోవాల్సొచ్చింది. ఒళ్ళు నా వశంలో లేదు!"

"నకిలీదని నీకెవడు చెప్పాడు?"

"నా వీపు చెప్పింది! ఒక్కటంటే ఒక్కటి లేవలేదు!"

డాక్టరమ్మ తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. నెమ్మదిగానే అంది.

"అవి లేవకుండా చేసింది నేనిచ్చిన గుళికలు. మీరు ఎక్కించుకున్నది అసలుదే అయ్యుంటుంది. అసలుదాన్నే మూడింతలు ఎక్కించుకున్నారు."

అతను ఆవిడ వైపు చూశాడు. నా వైపు చూశాడు. పగిలిన తలుపులో మిగిలిన అద్దం ముక్కలో నున్నటి మొహం ఒకటి కనబడుతోంది, దాని వైపు చూశాడు. పగిలిన పెదవి మీంచి రక్తం గడ్డం దాకా కారింది.

"ఆ మందు నీ బుర్రని తిప్పింది, ఒప్పుకుంటాను" అన్నాను. "కానీ సీలు తియ్యని విటమిన్ సీసా తెచ్చి మమ్మల్ని మోసం చేసింది నువ్వే, మందు కాదు. నా చెల్లిని కొట్టిన చెయ్యి కూడా నీదే."

మోకాళ్ళు మడిచి అద్దం పెంకుల మధ్య కూర్చుండిపోయాడు. డాక్టరమ్మ తువ్వాలు తెచ్చి ఆ చేతికి గట్టిగా చుట్టింది. నేను ముట్టుకోలేదు. చచ్చిపోతే పీడా పోతుందని కూడా అనుకున్నాను, దాచను. పోలీసులొచ్చి తీసుకెళ్ళారు.

జైలు నుంచి బెయిలు మీద బయటికొచ్చాక అతన్ని ముందు గేటుకీ వెనక గేటుకీ కూడా రానివ్వలేదు. మళ్ళీ ఐసు ఫ్యాక్టరీలో చేరాడని, అక్కడ ఎవరితోనూ మాట్లాడడని తెలిసింది. చెల్లి, పాప మా ఇంట్లోనే ఉంటున్నారు. చెల్లి మిషను మా ముందు గదిలో పెట్టాం. కుడి పక్క నుంచి పిలిస్తేనే పలుకుతుంది. కుక్కర్ విజిల్ వేస్తే ఇప్పటికీ గుడ్డ వదిలేసి లేచి నిలబడుతుంది.

ఒక ఆదివారం పొద్దున్నే పుల్ల మా గుమ్మం ముందుకొచ్చాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. సగం మనిషయ్యాడు. కోటు లేదు, కండలు జారిపోయాయి, చేతి మీద కుట్ల గుర్తు తెల్లగా ఉంది. లోపలికి రానన్నాడు. నాతో కాదు, నా వెనక మిషను దగ్గరున్న చెల్లితో మాట్లాడాడు.

"అంతా మానేశాను. ఇంజెక్షన్లు లేవు, గుళికలు లేవు, తాగుడు లేదు. ఒట్టు. నమ్మకపోతే చూడు."

అంటూ వీధిలోనే చొక్కా విప్పి, మా వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. గుంటలు పడ్డ పాత మచ్చలున్నాయి. ఎర్రగా ఒక్కటి లేదు. నాకు తెలుసు, ఈసారి నిజమే అయ్యుండొచ్చు. గుళికలు లేకుండా, సీసా లేకుండా, దానంతటది తగ్గిన వీపే కావచ్చు. అయినా నేను తలుపుకి అడ్డం తొలగలేదు.

చెల్లి లేచి వచ్చి నా పక్కన నిలబడింది. చాలాసేపు ఆ వీపు వైపు చూసింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. అతను అలాగే, చొక్కా పిడికిట్లో పట్టుకుని, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఆ రోజు కూడా ఇంతే నున్నగా ఉందండీ" అంది చెల్లి.

అతను వెనక్కి తిరిగేలోపే తలుపు వేసేసింది. గొళ్ళెం పెట్టి, కుట్టుమిషను దగ్గరికెళ్ళి కూర్చుంది.